లెంగ్త్ ఫీల్డ్‌లో 18, ఫ్రేమ్‌లో 20 బైట్లు: స్పెక్ స్పష్టంగా లేనప్పుడు ఏ అర్థం తీసుకోవాలి?

బైట్‌లెక్క (ప్రశ్న)

ఒక సెన్సర్ గేట్‌వే పంపే బైనరీ ప్రోటోకాల్‌కి పార్సర్ (బైట్లను చదివి విలువలుగా విడదీసే కోడ్) రాయాలి. ఫ్రేమ్ ఇలా ఉంటుంది: టైప్ (1 బైట్), వెర్షన్ (1), లెంగ్త్ (2), సీక్వెన్స్ (2), ఆపైన పేలోడ్ (అసలు డేటా), చివర సీఆర్‌సీ (2; బైట్లు చెడిపోలేదని తనిఖీ చేసే అంకె). ఫీల్డుల గురించి స్పెక్‌లో (ప్రోటోకాల్ నియమాల పత్రంలో) ఉన్నది ఇంతే, ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

లెంగ్త్: 2 బైట్లు. మెసేజ్ పొడవు.
టైమౌట్: 2 బైట్లు. 0 నుంచి 65535.
ఉష్ణోగ్రత: 2 బైట్లు. 0.1 డిగ్రీ. రీడింగ్ లేకపోతే గరిష్ఠ విలువ.
ఫ్లో: 4 బైట్లు. ఫ్లోట్.
సమయం: 4 బైట్లు. సెకన్లు.

క్యాప్చర్‌లో (వైర్ మీద వెళ్లిన బైట్ల రికార్డులో) మొత్తం 20 బైట్ల ఫ్రేమ్ ఒకటి దొరికింది. దాని లెంగ్త్ హెక్స్‌లో 00 12, అంటే 18. మొత్తం అనుకుంటే 20 రావాలి, పేలోడ్ మాత్రమే అనుకుంటే 12 రావాలి. రెండూ కాదు. టైమౌట్ ఏ ప్రమాణంలోనో తెలియదు, అందులో 0 అంటే ఏమిటో తెలియదు. ఉష్ణోగ్రత సైన్డా (రుణ సంఖ్యలూ పట్టేదా), అన్‌సైన్డా (పట్టనిదా)? "గరిష్ఠ విలువ" అంటే 32767నా, 65535నా?

స్పెక్ రాసినవాళ్లకు మెయిల్ పెట్టవచ్చు గానీ ఒకే ఒక్కసారి అడిగే అవకాశం ఉంది. అడిగేలోపు మన వైపు నుంచి ఎంతవరకు తేల్చుకోవచ్చు? జవాబు వచ్చేదాకా పార్సర్ ఎలా ప్రవర్తించాలి?

హెక్స్‌డంప్

ముందు లెంగ్త్ సంగతి. 20లోంచి ఏదో 2 పోయింది. సీఆర్‌సీని లెక్కపెట్టకపోయినా 18 వస్తుంది. లెంగ్త్ ఫీల్డ్ తనను తాను వదిలేసుకున్నా 18 వస్తుంది. టైప్, వెర్షన్ రెంటినీ మినహాయించినా అంతే. కాబట్టి ఒక్క ఫ్రేమ్ చూసి ఏ నిర్ణయానికీ రాకండి.

పేలోడ్ సైజు 0, 1, 3, 4, 5, 7 ఉండే ఫ్రేములు సంపాదించండి. రెండు నిలువు వరసలు రాసుకోండి: వైర్ మీద కనబడిన మొత్తం బైట్లు, లెంగ్త్ ఫీల్డ్ విలువ. పేలోడ్ ఒక బైట్ పెరిగినప్పుడల్లా లెంగ్త్ 1 పెరిగితే ప్రమాణం బైట్. నాలుగు బైట్లకోసారి 1 పెరిగితే ప్రమాణం 32 బిట్ల పదం (4 బైట్ల గుంపు). పేలోడ్ 5 అయినా ఫ్రేమ్‌లో 8 బైట్ల చోటు పోతోందంటే ప్యాడింగ్ (చోటు నింపే అదనపు బైట్లు) ఉంది. లెంగ్త్ 5ని చూపిస్తోందా, 8ని చూపిస్తోందా అన్నది అక్కడే తెలుస్తుంది. అన్నీ 4 గుణిజాలైన పేలోడ్లతో పరీక్షిస్తే ప్యాడింగ్ ఉందో లేదో అసలు బయటపడదు. చాలామంది 8, 16, 32 బైట్లతో చూసేసి "బాగానే ఉంది" అనుకునేది ఇక్కడే.

ఇలా చేశాక కూడా ఆ 2 ఎవరిదో తేలకపోవచ్చు, ఎందుకంటే మూడు అర్థాల్లో ఏది తీసుకున్నా ప్రతి ఫ్రేమ్‌కీ ఒకే అంకె వస్తుంది. అప్పుడు పార్సర్‌కి ఇబ్బంది లేదు: మొత్తం = లెంగ్త్ + 2. కాకపోతే కోడ్‌లో ఆ 2ని సీఆర్‌సీ సైజ్ అనే కాన్‌స్టంట్‌తో కలపకండి. రేపు వెర్షన్ 2లో సీఆర్‌సీ 4 బైట్లయితే సీఆర్‌సీ అర్థం మిగతా రెంటి నుంచీ విడిపోతుంది, మీరు ఊహించుకున్న పేరు మిమ్మల్నే తప్పుదారి పట్టిస్తుంది. దానికి వేరే పేరు పెట్టి, పక్కన "కారణం తెలియదు, క్యాప్చర్ ఆధారంగా" అని కామెంట్ రాయండి.

"లెంగ్త్ అంటే లెంగ్తే కదా" అనుకోవడానికి వీల్లేదు. ఐపీవీ4 హెడర్ ఒక్కదాన్నే తీసుకోండి. టోటల్ లెంగ్త్ బైట్లలో ఉంటుంది, హెడర్‌ని కలుపుకుంటుంది. హెడర్ లెంగ్త్ 4 బైట్ల పదాల్లో ఉంటుంది, అందుకే కనిష్ఠం 5, అంటే 20 బైట్లు. ఫ్రాగ్మెంట్ ఆఫ్‌సెట్ 8 బైట్ల ప్రమాణంలో ఉంటుంది. ఒకే హెడర్‌లో మూడు కొలతలు! ఐపీవీ6కి వచ్చేసరికి పేలోడ్ లెంగ్త్ 40 బైట్ల మూల హెడర్‌ని కలుపుకోదు. యూడీపీ లెంగ్త్ మాత్రం తన 8 బైట్ల హెడర్‌ని కలుపుకుంటుంది కాబట్టి 8కి తక్కువ వస్తే అది చెల్లదు.

టైప్, లెంగ్త్, వాల్యూ అని వరసగా వచ్చే ఆప్షన్లలో గొడవ ఇంకా ఎక్కువ. టీసీపీ ఆప్షన్ లెంగ్త్ మొదటి రెండు బైట్లను కలుపుకుంటుంది, ఎంఎస్‌ఎస్ ఆప్షన్‌కి 4. రేడియస్ (లాగిన్ తనిఖీ ప్రోటోకాల్) యాట్రిబ్యూట్ కూడా అంతే. డీహెచ్‌సీపీ (పరికరాలకు ఐపీ చిరునామాలు ఇచ్చే ప్రోటోకాల్) కలుపుకోదు: సబ్‌నెట్ మాస్క్‌కి లెంగ్త్ 4, వైర్ మీద పట్టేది 6. డీహెచ్‌సీపీకి రాసిన లూప్‌ని రేడియస్‌కి వాడితే మొదటి యాట్రిబ్యూట్ దాటేసరికే 2 బైట్లు ముందుకు జరిగిపోతారు, ఆ తర్వాత కనబడేదంతా చెత్తే.

కలుపుకునే రకంలో ఇంకో ప్రమాదం ఉంది. లెంగ్త్ 0 వస్తే లూప్ ఉన్నచోటే తిరుగుతూ ఉంటుంది. ఐపీవీ6 నైబర్ డిస్కవరీ ఆప్షన్ల లెంగ్త్ 8 బైట్ల ప్రమాణంలో, టైప్, లెంగ్త్ బైట్లతో కలిపి ఉంటుంది. అక్కడ 0 వస్తే ప్యాకెట్‌నే పారేయాలని ఆర్‌ఎఫ్‌సీ 4861 చెబుతోంది (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ ప్రోటోకాల్‌ల పత్రాలు). మీ స్పెక్‌లో ఆ మాట ఉన్నా లేకపోయినా కనిష్ఠ విలువ తనిఖీ పెట్టండి.

విలువలవేట

నేను 0 గురించీ, "గరిష్ఠం" గురించీ చెబుతాను.

టైమౌట్ ప్రమాణం తేల్చడానికి ఒక్క విలువ పెట్టి స్టాప్‌వాచ్ పట్టుకుంటే లాభం లేదు. రెండు విలువలు పెట్టి తేడా చూడండి. 50 పెడితే 2.0 సెకన్లు, 200 పెడితే 3.5 సెకన్లు పట్టిందనుకోండి. 150 తేడాకి 1.5 సెకన్లు, అంటే ఒక్కో అంకె 10 మిల్లీసెకన్లు, మిగిలిన 1.5 సెకన్లు స్థిరమైన ఆలస్యం. అదే సమయంలో క్యాప్చర్‌లో మళ్లీ పంపిన ప్యాకెట్లు లెక్కపెట్టండి. మూడుసార్లు ప్రయత్నించి వదిలేస్తుంటే మీరు కొలిచింది టైమౌట్‌కి మూడింతలు. ప్రమాణాన్ని అలవాటుతో ఊహించకూడదు: వీఆర్‌ఆర్‌పీ (ఒక రూటర్ పోతే ఇంకోటి అందుకునే ప్రోటోకాల్) వెర్షన్ 2లో అడ్వర్టైజ్‌మెంట్ వ్యవధి సెకన్లలో ఉండేది, వెర్షన్ 3లో సెంటీసెకన్లు అయింది. బీఎఫ్‌డీలో (లింక్ తెగిందేమో త్వరగా పసిగట్టే ప్రోటోకాల్‌లో) మైక్రోసెకన్లు.

0కి కనీసం నాలుగు అర్థాలు వాడుకలో ఉన్నాయి: వెంటనే, ఎప్పటికీ వద్దు, డిఫాల్ట్ వాడుకో, నేనేమీ చెప్పట్లేదు. ఐపీవీ6 రూటర్ అడ్వర్టైజ్‌మెంట్‌లో రూటర్ లైఫ్‌టైమ్ 0 అంటే "నన్ను డిఫాల్ట్ రూటర్‌గా వాడకు". అదే మెసేజ్‌లో రీచబుల్ టైమ్ 0 అంటే "ఈ విషయంలో నా మాట ఏమీ లేదు". బీజీపీలో (నెట్‌వర్క్‌లు దారులు చెప్పుకునే ప్రోటోకాల్‌లో) హోల్డ్ టైమ్ 0 కావచ్చు, లేదా 3 అంతకుమించి కావచ్చు. 1, 2 వస్తే తిరస్కరించాలి. "0 నుంచి 65535" అని రాసిన పరిధి మధ్యలో ఇలా గుంటలు ఉండొచ్చు.

ఫీల్డ్ లేకపోవడం, ఫీల్డ్‌లో 0 ఉండడం కూడా వేరు వేరు. ఎంక్యూటీటీ 5లో (సెన్సర్ల వంటి పరికరాలు వాడే మెసేజ్ ప్రోటోకాల్‌లో) రిసీవ్ మాగ్జిమమ్ పంపకపోతే 65535 అని అర్థం, 0 పంపితే ప్రోటోకాల్ ఎర్రర్. సెషన్ ఎక్స్‌పైరీ పంపకపోతే 0 అనే అర్థం, అన్ని బిట్లూ 1 అయితే సెషన్‌కి గడువే లేదు. కోడ్‌లో పూర్ణాంకాన్ని డిఫాల్ట్‌గా 0తో మొదలుపెట్టే అలవాటు ఉంటే ఈ తేడా పార్సింగ్‌లోనే మాయమైపోతుంది. "వచ్చిందా లేదా" అనేది వేరే ఫ్లాగ్‌గా పెట్టుకోండి.

విలువనూ, "విలువ లేదు" అనే గుర్తునూ ఒకే ఫీల్డ్‌లో ఇరికించేటప్పుడు జాగ్రత్తగా చేసిన ఉదాహరణ యూడీపీ చెక్‌సమ్. ఆర్‌ఎఫ్‌సీ 768లో, 1980లోనే ఉంది: 0 అంటే చెక్‌సమ్ లెక్కించలేదు. మరి లెక్కిస్తే నిజంగానే 0 వస్తే? అన్ని బిట్లూ 1గా పంపాలి. వన్స్ కాంప్లిమెంట్‌లో (బిట్లన్నీ తిరగేసి రుణ సంఖ్య రాసే పద్ధతిలో) రెండూ సున్నాలే కాబట్టి తనిఖీ చెడదు, గుర్తు మాత్రం ఖాళీగా మిగులుతుంది.

మీ ఉష్ణోగ్రత ఫీల్డ్‌లో ఆ జాగ్రత్త కనబడడం లేదు. 0.1 డిగ్రీ ప్రమాణంలో మైనస్ 0.1 డిగ్రీ అంటే మైనస్ 1, అంటే 16 బిట్లూ 1. దాన్నే అన్‌సైన్డ్‌గా చదివితే 65535, "గరిష్ఠ విలువ". పార్సర్‌లో 65535ని "రీడింగ్ లేదు" అని తీసుకుంటే, గడ్డకట్టే స్థానానికి ఒక్క మెట్టు కింద మాత్రమే రీడింగ్ మాయమవుతుంది. మైనస్ 0.2 మళ్లీ కనబడుతుంది! ఈ బగ్ నెలల తరబడి దాక్కుంటుంది. సెన్సర్‌ని సున్నా కిందికి చల్లబరిచి ఒకసారి, కనెక్టర్ పీకేసి ఇంకోసారి క్యాప్చర్ తీసుకోండి. రెండే రెండు ఫ్రేములు, విషయం తేలిపోతుంది.

సైన్డ్, అన్‌సైన్డ్ గందరగోళం పెద్ద స్పెక్‌లనూ వదల్లేదు. డీఎన్‌ఎస్ టీటీఎల్‌ని (జవాబును ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో చెప్పే విలువని) ఆర్‌ఎఫ్‌సీ 1035 ఒక చోట సైన్డ్ అంది, మరో చోట అన్‌సైన్డ్ అంది. 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2181 సర్దింది: 0 నుంచి 2147483647 వరకు, పై బిట్ 1 అయి వస్తే 0గా చూడు. 2020లో ఆర్‌ఎఫ్‌సీ 8767 దాన్ని మళ్లీ మార్చి, అలాంటి విలువను పెద్ద ధన సంఖ్యగానే తీసుకుని 604800 సెకన్ల దగ్గర, అంటే 7 రోజులకి, కత్తిరించమని సూచించింది. అంటే ఒకే 32 బిట్లకి, మీరు చదివిన పత్రం ఏ ఏడాదిదో దాన్నిబట్టి అర్థం మారుతుంది.

చివరిబిట్

ఫ్లోట్‌కి (దశాంశ సంఖ్యని బిట్లలో రాసే రూపానికి) చిన్న పరీక్ష. ఫ్లోని 0 దగ్గరో 100 దగ్గరో పెట్టి చూడకండి, సగం బైట్లు సున్నాలే ఉంటాయి. నాలుగు బైట్లూ వేరువేరుగా ఉండే విలువ కావాలి. ఉదాహరణకి హెక్స్‌లో 41 23 45 67 అంటే సుమారు 10.20444. రెండు 16 బిట్ల పదాలు తారుమారైతే 45 67 41 23, అది సుమారు 3700.07. రెండూ నమ్మదగ్గ అంకెల్లాగే కనబడతాయి, అందుకే "స్క్రీన్ మీద ఏదో వస్తోంది కదా" అనేది రుజువు కాదు. గేట్‌వే వెనకాల మాడ్‌బస్ (పారిశ్రామిక పరికరాల ప్రోటోకాల్) ఉంటే ఈ తారుమారు మామూలే: ఆ స్పెక్ 16 బిట్ల రిజిస్టర్‌లో ముందు పై బైట్ అని చెబుతుంది గానీ, 32 బిట్ల విలువను రెండు రిజిస్టర్లలో ఏ వరసలో పెట్టాలో చెప్పదు. తయారీదారుకొక పద్ధతి.

సమయానికి: వచ్చిన విలువలోంచి ఆ క్షణపు యూనిక్స్ సమయాన్ని (1970 జనవరి 1 నుంచి లెక్కించే సెకన్లని) తీసేయండి. తేడా 0 దగ్గర ఉంటే మొదలు 1970. ప్లస్ 2208988800 దగ్గర ఉంటే మొదలు 1900, అది ఎన్‌టీపీ (నెట్‌వర్క్ ద్వారా గడియారాలు సరిచేసే ప్రోటోకాల్) పద్ధతి. దాన్ని సైన్డ్‌గా చదివితే ఇప్పటికే రుణ సంఖ్య కనబడుతుంది, అన్‌సైన్డ్‌గా చదివినా 2036 ఫిబ్రవరి 7న మళ్లీ 0కి వస్తుంది. మైనస్ 946684800 అయితే మొదలు 2000 జనవరి 1. మైనస్ 315964800 దగ్గరైతే 1980 జనవరి 6, అంటే జీపీఎస్. అక్కడ లీప్ సెకన్లు కలవవు కాబట్టి ఇంకో 18 సెకన్ల తేడా కూడా కనబడాలి. ఇవేవీ కాక, తేడా 900కి (15 నిమిషాలకి) గుణిజంగా వస్తే పంపేవాళ్లు స్థానిక సమయాన్ని పెట్టారు.

బైట్‌లెక్క

చేసి చూశాను. పేలోడ్ 0 అయితే మొత్తం 8, లెంగ్త్ 6. పేలోడ్ 1కి 9, 7. పేలోడ్ 5కి 13, 11. ప్యాడింగ్ లేదు, ప్రమాణం బైట్. ఉష్ణోగ్రత మైనస్ 0.1 దగ్గర 16 బిట్లూ 1గా వచ్చాయి, కనెక్టర్ పీకితే 32767 వచ్చింది. అంటే సైన్డ్. సమయం 1970 నుంచే. ఫ్లోట్ పదాలు తారుమారుగా వస్తున్నాయి.

టైమౌట్ ప్రమాణం 100 మిల్లీసెకన్లు. 0 పెడితే 20 నిమిషాలు చూసినా కనెక్షన్ తెగలేదు. "ఎప్పటికీ తెగదు" అని రాసుకోవచ్చా? సీఆర్‌సీ సరిపోయి, పరిధి దాటిన విలువ వస్తే ఉదారంగా తీసుకోవడమే మంచిదా?

విలువలవేట

రాసుకోకూడదు. 20 నిమిషాల్లో తెగలేదంటే 20 నిమిషాల్లో తెగలేదనే అర్థం. పెద్ద డిఫాల్ట్ ఏదైనా ఉండొచ్చు. 65535 పెడితే మీ ప్రమాణంలో 6553.5 సెకన్లు, దాదాపు 1 గంట 49 నిమిషాలు. 0 పెట్టి కనీసం 2 గంటలు వదిలేయండి. అప్పటికీ తెగకపోతే, ఫీల్డ్‌లో పట్టే ఏ విలువకన్నా అది ఎక్కువ అని మాత్రం చెప్పొచ్చు.

హెక్స్‌డంప్

ఉదారత సంగతి: "పంపేటప్పుడు కచ్చితంగా, తీసుకునేటప్పుడు ఉదారంగా" అనేది టీసీపీ తొలి పత్రాల నాటి మాట. దాన్ని స్పష్టత లేని విలువలకి వర్తింపజేస్తే రెండు అర్థాలూ బతికిపోతాయి, ఆపైన ఏ ఒక్కదాన్నీ తీసేయలేరు. 2023లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 9413 ఈ విషయం మీదే. ముఖ్యంగా ఒకే దాని పొడవుని రెండు చోట్ల చెప్పే ఫార్మాట్లలో ఉదారత పనికిరాదు. హెచ్‌టీటీపీలో కంటెంట్-లెంగ్త్ ఒకటి చెబుతూ, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్ ఇంకోటి చెబుతూ ఉంటే, ముందున్న ప్రాక్సీ ఒక దాన్ని, వెనకున్న సర్వర్ ఇంకో దాన్ని నమ్మితే రిక్వెస్ట్ స్మగ్లింగ్‌కి (ఒక రిక్వెస్ట్‌లో ఇంకోటి దాచి పంపే దాడికి) దారి దొరుకుతుంది. 2014 నాటి హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపంలోనూ రెండు పొడవులే, కాకపోతే అక్కడ స్పెక్‌ది తప్పు కాదు: లోపలి పొడవు మరీ పెద్దదైతే మెసేజ్‌ని పారేయమని ఆర్‌ఎఫ్‌సీ 6520 చెప్పింది, ఓపెన్ఎస్‌ఎస్‌ఎల్ కోడ్‌లో ఆ తనిఖీ లేదు.

మీ పార్సర్‌లో: పొడవు తప్పితే ఫ్రేమ్ మొత్తాన్ని పారేయండి. ఒక కొలత పరిధి దాటితే ఆ కొలతని మాత్రం చెల్లనిదిగా గుర్తుపెట్టి, ముడి బైట్లను లాగ్‌లో ఉంచండి.

చివరిబిట్

దీనికి ఒక చిన్న సవరణ. పొడవు తప్పినప్పుడు మీ ప్రోటోకాల్ టీసీపీ మీద నడుస్తుంటే ఫ్రేమ్‌ని పారేయడం సరిపోదు, కనెక్షనే మూసేయాలి. తర్వాతి ఫ్రేమ్ ఎక్కడ మొదలవుతుందో తెలుసుకునే దారి ఉండదు. యూడీపీ అయితే హెక్స్‌డంప్ గారు చెప్పినట్టు ఆ డేటాగ్రామ్ ఒక్కటీ పారేస్తే చాలు.

పత్రపాలన

మెయిల్ ఎలా రాయాలో ఎవరూ చెప్పలేదు కాబట్టి. "టైమౌట్ అంటే ఏమిటి?" అని అడిగితే "టైమౌట్ అంటే టైమౌటే" అని వస్తుంది. ఒక్కో సందేహానికి నాలుగు ముక్కలు రాయండి: స్పెక్ వెర్షన్, సెక్షన్, అక్కడున్న వాక్యం యథాతథంగా; వైర్ మీద బైట్లు; అర్థం ఒకటి తీసుకుంటే వచ్చే ఫలితం, అర్థం రెండు తీసుకుంటే వచ్చే ఫలితం; మీరు ప్రతిపాదించే వాక్యం. అవతలివాళ్లు "రెండోది" అని ఒక్క మాటతో జవాబివ్వగలగాలి.

పరికరం చేసేదే సరైనదని తేలిగ్గా అనుకోవద్దు, కాదని కూడా అనుకోవద్దు. టీసీపీ అర్జెంట్ పాయింటర్ (అత్యవసర డేటా ఎక్కడ ముగుస్తుందో చెప్పే ఫీల్డ్) చూడండి. 1981 నాటి ఆర్‌ఎఫ్‌సీ 793 ఒక చోట అది అర్జెంట్ డేటా తర్వాతి బైట్‌ని చూపిస్తుందని రాసింది, మరో చోట చివరి బైట్‌ననే అర్థం వచ్చేలా రాసింది. 1989లో ఆర్‌ఎఫ్‌సీ 1122 "చివరి బైటే సరైనది" అని తీర్పు చెప్పింది. అప్పటికే కోడ్ చాలావరకు తర్వాతి బైట్‌ని పట్టుకుని నడుస్తోంది, ఆ తర్వాతా అలాగే నడిచింది. చివరికి 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6093 తీర్పును తిరగేసి కోడ్‌తో రాజీపడింది. మీ సందర్భంలోనూ స్పెక్ రాసినవాళ్లు "ఫ్లోట్ పదాలు తారుమారు కావడం ఫర్మ్‌వేర్ బగ్" అనొచ్చు. అందుకే ప్రతి పరిశీలన పక్కన ఫర్మ్‌వేర్ వెర్షన్ రాసి పంపండి, లేకపోతే వాళ్లు బగ్ సరిచేసిన రోజున మీ పార్సర్ విరుగుతుంది.

ఆర్‌ఎఫ్‌సీల విషయంలోనైతే అడగడానికి ముందే ఎర్రాటా (ప్రచురించాక తెలిసిన తప్పుల జాబితా) పేజీ చూడాలి. అక్కడ వెరిఫైడ్ అని ఉన్నదాన్నే సవరణగా నమ్మండి. రిపోర్టెడ్ అంటే ఎవరో పంపారు, అంతే. "హెల్డ్ ఫర్ డాక్యుమెంట్ అప్‌డేట్" అంటే తర్వాతి కూర్పులో పరిశీలిస్తారని. రిజెక్టెడ్ కూడా చదవండి, ఎందుకు కాదన్నారో రాసి ఉంటే మీ సందేహానికి జవాబు అక్కడే దొరకొచ్చు. కోడ్ విలువలకి ఆర్‌ఎఫ్‌సీలోని పట్టిక కాకుండా ఐఏఎన్‌ఏ (ఇంటర్నెట్ ప్రోటోకాల్‌లకి అంకెలు కేటాయించే సంస్థ) రిజిస్ట్రీ చూడాలి. అందులో రిజర్వ్‌డ్, అన్‌అసైన్డ్ ఒకటి కాదు: రెండోది రేపు ఎవరికైనా ఇవ్వొచ్చు.

మీ ఉష్ణోగ్రత ఫీల్డ్‌కి ప్రతిపాదించే వాక్యం ఇలా ఉండొచ్చు. పరిధి అంకెలు సెన్సర్ డేటాషీట్ నుంచి మీరే మార్చుకోండి:

"ఉష్ణోగ్రత: 16 బిట్ల సైన్డ్ పూర్ణాంకం, టూస్ కాంప్లిమెంట్, బిగ్ ఎండియన్. ప్రమాణం 0.1 డిగ్రీ సెల్సియస్. చెల్లే విలువలు మైనస్ 400 నుంచి 1250 వరకు. 32767 అంటే రీడింగ్ లేదు. ఇవి కాక వేరే విలువ ఉంటే ఆ రీడింగ్‌ని వదిలేయాలి, ఫ్రేమ్‌లోని మిగతా ఫీల్డులు చెల్లుతాయి. ఉదాహరణ: 00 15 అంటే 2.1 డిగ్రీలు."

ఒక రుణ సంఖ్య ఉదాహరణ కూడా చేర్చండి. ఉదాహరణలన్నీ ధన సంఖ్యలే అయితే సైన్డ్ అని రాసినా ఎవరో ఒకరు అన్‌సైన్డ్‌గా చదువుతారు.

హెక్స్‌డంప్

"వదిలేయాలి" ఎవరు? పంపేవాళ్లా, అందుకునేవాళ్లా? పంపేవాళ్లకైతే "ఈ విలువలు పంపకూడదు, బదులుగా 32767 పంపాలి" అని వేరే వాక్యం కావాలి.

పత్రపాలన

నిజమే. "అందుకునే వైపు ఆ రీడింగ్‌ని వదిలేయాలి" అని మార్చి, మీరు చెప్పిన వాక్యాన్ని దాని ముందు పెట్టాలి.